గ్లాసు ఖాళీ కాకముందే మళ్ళీ పోస్తుంటే పెగ్గుల లెక్క ఎలా?

ఫ్రెండ్స్‌తో రాత్రి బయట తాగేటప్పుడు, 50 కిలోల అమ్మాయికి పనికొచ్చే పద్ధతి చెప్పండి. 40 శాతం విస్కీ 30 ఎం.ఎల్. పెగ్గులో 9, 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 5 శాతం బీరు 330 ఎం.ఎల్.లో 13. లివరు గంటకి మహా అయితే ఒక పెగ్గే అరిగిస్తుంది. ఆడవాళ్ళ ఒంట్లో నీటి శాతం తక్కువ, అదే పెగ్గు ఎక్కువ ఎక్కుతుంది. ఇంతవరకు సరే.

చిక్కంతా పక్కవాళ్ళు సగం గ్లాసులో మళ్ళీ ఒంపేసినప్పుడే. ఐసు కరిగి మట్టం దిగదు, రెండోదో నాలుగోదో తెలీదు. జగ్గులో కలిపిన కాక్‌టెయిలైతే మరీ ఘోరం, తీపిలో ఘాటే తెలీదు. లెక్క కోసం సీసా మూతలు పర్సులో వేసుకోవడం బీరుకే పనికొస్తుంది.

లెక్క తప్పని ఉపాయం ఏముంది? కడుపు నిండా తింటే మత్తు ఆలస్యంగా ఎక్కుతుంది కదా, అప్పుడు రెండో పెగ్గుకి ఎంతసేపు ఆగాలి? (కాఫీ సలహా వద్దండి, అది నిద్ర ఆపుతుందే గానీ మత్తు దించదు.)