రివాల్వర్ చెక్క గ్రిప్పుల మీద పాత పాలిష్ తీయడం ఎలా?

పాత రివాల్వర్‌కి వాల్‌నట్ గ్రిప్పులు (పిడికి రెండు వైపులా బిగించే చెక్క ముక్కలు) ఉన్నాయి, పైన మెరుపు పూత పొరలు పొరలుగా లేస్తోంది. కింద చెక్క బాగానే ఉంది, గళ్ల చెక్కడం కూడా ఉంది. సాండ్‌పేపర్ పట్టి రుద్దేయనా?

— వద్దండీ! ఆ గళ్లు అరిగిపోతే మళ్లీ రావు, అంచులు అరిగితే గ్రిప్పు ఫ్రేమ్‌కి సరిగ్గా కూర్చోదు. ముందు తూటాలు తీశారో లేదో చూసుకుని, స్క్రూ విప్పి గ్రిప్పులు వేరు చేయండి. లోపలి వైపు కాస్త స్పిరిట్ (డీనేచర్డ్ ఆల్కహాల్) అద్ది చూడండి, జిగురుగా కరిగితే అది లక్క పాలిష్. స్పిరిట్‌కి లొంగకపోతే లక్కర్ థిన్నర్, దానికీ లొంగకపోతే పెయింట్ రిమూవర్. గళ్లలోకి పాత టూత్‌బ్రష్ చాలు, ఓపిక మాత్రం కావాలి.

— పై మాటే నాదీ. నేను ఇనుప బ్రష్ వాడి ఒక జత పాడుచేసుకున్నా, అందుకే చెప్తున్నా. కిటికీలు తీసి, గ్లవ్స్ వేసుకుని చేయండి, దగ్గర్లో మంట ఉండకూడదు.

— గన్ ఆయిల్ పీల్చి నల్లబడిన చోట అసిటోన్ పనిచేస్తుంది. తర్వాత లిన్‌సీడ్ ఆయిల్ పూస్తే ఆ గుడ్డలు ఉండచుట్టి పడేయకండి, వాటంతట అవే అంటుకుంటాయి, పరిచి ఆరబెట్టండి.

— థాంక్స్, సాండ్‌పేపర్ పక్కన పెట్టేశా. స్పిరిట్‌కే కరుగుతోంది!