దూలమా, వాసమా? కొప్పు కింది కర్ర ఎవరికి చెందుతుంది?

పాతింటి_మనవడు:

మా తాతగారి పెంకుటిల్లు విప్పేస్తున్నాం. కలప కొనుక్కునే ఆయనతో నెల కిందట తెల్లకాగితం మీద ఒప్పందం రాసుకున్నాం. రాసింది నేనే, అదే నా ఖర్మ. "పెంకులు, రీపర్లు, వాసాలు కొన్నవారివి. దూలాలు, తలుపులు, ద్వారబంధాలు ఇంటివారివి." ఎంత స్పష్టంగా రాశానో అని అప్పుడు మురిసిపోయాను కూడా.

ఇవాళ పెంకులు దించాక గొడవ మొదలైంది. గోడ నుంచి గోడకి అడ్డంగా ఉన్న నాలుగు దూలాల మీద పేచీ లేదు. పేచీ అంతా ఇంకో ఐదు కర్రల మీద. ఒకటి కొప్పు (కప్పు వాలులు కలిసే పై అంచు) కింద ఇంటి పొడవునా పోయేది. మిగతా నాలుగూ కొప్పు కొసల నుంచి ఇంటి నాలుగు మూలలకీ ఏటవాలుగా దిగేవి (మాది నాలుగు పక్కలా వాలున్న ఇల్లు). ఐదూ మామూలు వాసాలకి రెండింతల లావుంటాయి.

కొన్నాయన "దూలమంటే గోడ మీద కూర్చునేది బాబూ, ఆ పైన ఉన్నదంతా వాసమే" అంటాడు. మా నాన్న "ఇంత లావు కర్రని వాసం అంటే మా నాన్న లేచొస్తాడు" అంటారు. మధ్యలో నేను, చేతిలో ఆ కాగితం. నిఘంటువు తిరగేశాను గానీ అది ఈ తగువు తీర్చేలా లేదు.

అసలు పేరు దేన్ని బట్టి వస్తుంది? లావును బట్టా, వాలును బట్టా, ఉన్న చోటును బట్టా? రేపు పొద్దున్నే లారీ వస్తుంది. టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్ళు చెప్పండి.

ఉలీ_బాడిసా:

మా నాన్న వడ్రంగి. నా ఉద్యోగం వేరే గానీ చిన్నప్పటి సెలవులన్నీ రంపంపొట్టులోనే గడిచాయి. ఆయన లెక్క ఒక్కటే: "ఎవరి మీద ఎవరున్నారు?" వాసం మీద రీపర్లు, వాటి మీద పెంకులు. దూలం మీద వాసాలైనా ఉండాలి, వాసాల్ని మోసే గుంజలైనా ఉండాలి. లావుతో పనిలేదు. పశువుల పాకకి వేసిన దూలం మీ ఇంటి వాసమంతే ఉండొచ్చు, అయినా అది దూలమే.

కర్ర ఎంచేటప్పుడే తేడా తెలిసిపోయేది. దూలానికైతే దుంగని నాలుగు వైపులా తిప్పి తిప్పి చూసేవారు. ముడి ఉంటే అది కింది వైపుకి, అందులోనూ నడిమధ్యకి రాకూడదు, విరిగితే అక్కడే విరుగుతుంది అనేవారు. వాసాలకి అంత పట్టింపు ఉండేది కాదు. ఒకటి కాస్త మెత్తనైనా పక్కవాళ్ళు ఆదుకుంటారు అని నవ్వేవారు.

మీరు ఒక పని చేయండి. ఆ కొప్పు కర్ర పైభాగం దగ్గర నుంచి చూడండి. రెండు వైపులా సమానమైన ఎడంలో గాట్లు, వాటిలో మేకుల బెజ్జాలు ఉన్నాయా? ఉంటే వాసాలు దాని మీద తల పెట్టుకున్నట్టే. మోయించుకునేది వాసం, మోసేది దూలం.

సిమెంటు_బుర్ర:

స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని. పై సమాధానం బాగుంది గానీ గాట్లు ఒక్కటే చాలవు. ఆ కొప్పు కర్ర కింద ఏముంది? దూలాల మీద నుంచి లేచిన పొట్టి గుంజలు ఉన్నాయా?

ఎందుకడుగుతున్నానంటే, కొన్ని కప్పుల్లో ఎదురెదురు వాసాలు రెండూ ఒకదానికొకటి ఆనుకుని నిలబడతాయి. మధ్యలో ఉన్న కొప్పు చెక్క వాటిని వరస తప్పకుండా పట్టుకుంటుంది, అంతే. బరువు మోయదు. అలాంటి కప్పులో వాసాల కాళ్ళు గోడల్ని బయటికి తోస్తాయి కాబట్టి అడుగున అడ్డకర్రో కడ్డీయో వేసి బిగిస్తారు. అదే కొప్పు కర్ర కింద గుంజలుంటే కథ మారిపోతుంది. వాసాల బరువులో సగం కొప్పు కర్ర మీదికి, అక్కడి నుంచి గుంజల్లోకి, గుంజల నుంచి కింది దూలాల్లోకి దిగుతుంది. అప్పుడు మీ కొప్పు కర్ర నూటికి నూరుపాళ్ళు దూలమే, ఇంకో మాట లేదు.

ఇంకో ఆనవాలు: దాన్ని నిలువుగా పెట్టారా, పడుకోబెట్టారా? 4 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల ఎత్తు ఉండేలా పెట్టిన కర్ర, అదే కర్రని పడుకోబెట్టినప్పటి కంటే రెండింతల బరువు ఓర్చుకుంటుంది. అంతే బరువుకి నాలుగో వంతే కుంగుతుంది. ఇది పాత వడ్రంగులకి లెక్క కట్టకుండానే తెలుసు. ఎడం సంగతి కూడా అంతే. ఆసరాల మధ్య దూరం రెండింతలైతే, అడుగుకి పడే బరువు మారకపోయినా, కర్రని వంచే ఒత్తిడి నాలుగింతలు, కుంగుదల పదహారింతలు అవుతుంది. అందుకే కొప్పు కర్ర ఎంత పొడవుంటే గుంజలు అన్ని ఎక్కువ పడతాయి.

(సందర్భం కాకపోయినా చెప్తున్నా: కొన్ని ట్రస్సుల్లో, అంటే త్రికోణంగా బిగించిన కప్పు చట్రాల్లో, నడిమి గుంజ అడ్డకర్ర మీద నిలబడినట్టే కనిపిస్తుంది. నిజానికి అది పై నుంచి వేలాడుతూ అడ్డకర్రని పైకి పట్టుకుని ఉంటుంది. చూసి చెప్పేయడం అంత తేలిక కాదు.)

పాతింటి_మనవడు:

నిచ్చెనెక్కి సెల్‌ఫోన్ లైటు వేసి చూశాను. గాట్లు ఉన్నాయి, ఒక వైపు లెక్కపెడితే 22. కొన్నింట్లో తుప్పు పట్టిన మేకులు ఇంకా అలాగే ఉన్నాయి. కింద పొట్టి గుంజలు రెండు, మధ్య దూలాలు రెండింటి మీదా ఒక్కోటి. కొప్పు కర్ర నిలువుగానే ఉంది.

మరి మూలల కర్రలు? వాటి పక్కలకి కూడా చిన్న వాసాలు వచ్చి తగులుతున్నాయి.

చవుడు_మిద్దె:

మాది రాయలసీమ అన్నా. చవుడు మిద్దెల్లో పుట్టిపెరిగినోళ్ళకి ఈ తగువే ఉండదు. మాకు దూలాలు, వాటి మీద దంతెలు, ఆ మీద చెక్కలో బండలో పరిచి చవుడు పోస్తారు. దంతె చేసేదీ మోతపనే, దూలం కంటే సన్నమే, అయినా దాన్ని ఎవరూ వాసం అనరు. కప్పు సమంగా ఉంటుంది కదా, వాలు లేని చోట వాసమెక్కడిది? నన్నడిగితే మూలల కర్రలు వాసాలే. మీ కొన్నాయన మాటలో సగం న్యాయం ఉంది.

మాట పుట్టుక చూసినా అంతే. వాసం సంస్కృతం వంశం నుంచి వచ్చింది, వంశం అంటే వెదురు. సన్నగా, పొడుగ్గా, చాలా ఉండాలి. 'తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం' అంటాం గానీ దూలాలు లెక్కపెట్టడం అనం చూడండి. దూలాలు నాలుగే, వాటికి లెక్కెందుకు? కంట్లో నలుసు పక్కన పెట్టడానికి తెలుగు బైబిల్లో దూలాన్నే ఎంచుకున్నారు. అక్కడ వాసం పెడితే పోలిక తేలిపోయేది.

ఉలీ_బాడిసా:

మూలల సంగతి నాకూ తేలక నాన్నకి ఫోన్ చేశాను. "మూల వాసం" అన్నారు ఠక్కున. "దాని మీద పిల్ల వాసాలు ఆనుతాయి కదా, మీ లెక్క ప్రకారం అది దూలం కావాలిగా?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "మోస్తుంది, కానీ అదీ వాలే ఉంది కదరా" అని పెట్టేశారు. నలభై ఏళ్ళ లెక్కకి నేను చిల్లు పెట్టానని కోపం వచ్చినట్టుంది.

పాతింటి_మనవడు:

అందరికీ థాంక్సండీ. పొద్దున కొన్నాయన్ని నిచ్చెనెక్కించి గాట్లు, గుంజలు చూపించాం. ఆయన తల గోక్కుని "సరే, ఇది మీది" అన్నాడు. మూలవాటి గురించి నాన్న నోరు తెరిచేలోపే "మూల వాసాలు దించండ్రా" అని కేకేశాడు. పేరులోనే వాసం ఉంటే ఇంకేం వాదిస్తాం? నాలుగూ లారీ ఎక్కేశాయి, నలుగురు పట్టుకున్నా బరువుకి ఆయాసపడ్డారు.

తర్వాత ఆరుగురం కలిసి మా కొప్పు దూలాన్ని దించాం. అనుకున్నదానికంటే తేలిగ్గా దిగింది, నాకు అప్పుడే అనుమానం వచ్చింది. కింద పెట్టి ఒక కొసన సుత్తితో కొడితే డొల్ల చప్పుడు. రెండడుగుల మేర లోపలంతా చెద, పైన గాజుపెంకంత మందం మాత్రమే మిగిలింది.

నాన్న ఇంకా దాని మీదే కూర్చుని ఉన్నారు. రెండో కొస వైపు.