మ్యూజియం డిటెక్టివ్ నవల చదివి దెబ్బతిన్నది నేనొక్కణ్ణేనా?

బెజవాడ_బాబాయ్: బుక్ ఫెస్టివల్‌లో అట్ట చూసి కొన్నానండీ. పేరు రాయను, పాపం రచయితకి మొదటి పుస్తకంలా ఉంది. అమరావతి మ్యూజియంలో ఓ శిల్పఫలకం మాయమై, దాని చోట నకిలీ వెలుస్తుంది. ఎత్తుగడ బ్రహ్మాండం. ఎనభయ్యో పేజీకి దొంగ ఆ ఫలకాన్ని సంచిలో పెట్టి, భుజాన తగిలించుకుని గుంటూరు బస్సెక్కేశాడు. అక్కడే మూసేయాల్సింది.

పల్నాటి_రాయి: మాది పిడుగురాళ్ళ. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, ఆరంగుళాల మందం ఉన్న సున్నపురాయి రెండు క్వింటాళ్ళు దాటుతుంది బాబాయ్! కండక్టరు లగేజీ టికెట్ అయినా కొట్టాడా? పైగా పుస్తకం పొడుగునా ‘పాలరాయి’ అట. తెల్లదొరలు మార్బుల్స్ అన్నారు గానీ అది మన పల్నాటి సున్నపురాయే.

బ్రాడీపేట_అక్క: దొంగతనం జరిగింది శుక్రవారం, స్కూలు పిల్లల రద్దీలో. అమరావతి మ్యూజియానికి శుక్రవారం సెలవు! నాకెలా తెలుసంటారా? పోయినేడు మా ఆడపడుచు వాళ్ళని వెంటేసుకుని, పులిహోర కలుపుకుని వెళ్తే గేటుకి తాళం. అమరేశ్వరుడికి దణ్ణం పెట్టుకుని, కృష్ణ ఒడ్డున కూర్చుని తినేసి వచ్చాం. ఆడపడుచు ఇప్పటికీ దెప్పుతుంది.

పాత_రిజిస్టరు: కొన్నాళ్ళు ఓ మ్యూజియంలో (అమరావతి కాదు) రికార్డుల పని చేశాను. వస్తువు లోపలికి రాగానే ఓ నంబరు పడుతుంది. చూసేవాళ్ళ కంట పడనిచోట, చిన్న అక్షరాల్లో, రంగుతో రాస్తారు. కొలతలు, ఎక్కడ దొరికింది, ఎక్కడ పెచ్చు ఊడింది, అన్నీ రిజిస్టర్లో ఉంటాయి. ఈ డిటెక్టివ్ రెండొందల పేజీలు ప్రేమలో పడి తిరిగాడే గానీ, ఒక్కసారైనా రిజిస్టరు అడిగాడా? టేపు పెట్టి కొలిస్తే అరగంట పని.

గవర్నరుపేట_కుర్రాడు: అంత తీసిపారేయకండి. మన బెజవాడ బాపు మ్యూజియం అధ్యాయం నాకు నచ్చింది. 1887లో పునాది వేసిన ఆ పాత విక్టోరియా జూబ్లీ భవనం, అల్లూరులో దొరికిన బుద్ధుడి విగ్రహం ముందు ముసలి గైడు తనలో తాను మాట్లాడుకోవడం... ఆ నాలుగు పేజీలు చూసి రాసినవే.

బెజవాడ_బాబాయ్: ఒప్పుకుంటా. కానీ ఆ గైడు మళ్ళీ కనిపించడే! దొంగని తరుముతూ డిటెక్టివ్ 1797లో మెకంజీ దొర అమరావతి స్తూపం చూడ్డానికి రావడం, 1845లో ఇలియట్ దొర అక్కడ తవ్వించడం, ఆ శిల్పాల రాళ్ళు మద్రాసుకీ అక్కణ్ణించి లండన్‌కీ పోవడం ఏకరువు పెడతాడు. ఉపన్యాసం అయ్యేదాకా దొంగ ఆగాడు కాబోలు. తీరా దొంగెవరయ్యా అంటే అమెరికా మేనమామ. చివరి అధ్యాయం దాకా ఆయన ఊసే లేదు.

బ్రాడీపేట_అక్క: అయ్యో, నేనింకా అక్కడిదాకా రాలేదండీ! చెప్పేశారు!

బెజవాడ_బాబాయ్: పోన్లెండి అక్కా, రెండు రాత్రుల నిద్ర మిగిలింది మీకు. నా కాపీ సగం ధరకిస్తా, ఎవరికైనా కావాలా?

పల్నాటి_రాయి: ఆ బాపు మ్యూజియం నాలుగు పేజీలు చింపి ఇస్తారా? జిరాక్స్ డబ్బులిస్తా.