గోధుమరంగు షోవలర్ బాతులు: ఆడవా, కుర్ర మగవా?

చెన్నై పళ్ళికరణై చిత్తడినేలలో పక్షులు చూసేవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త సాయం చేయండి. పార లాంటి ముక్కున్న షోవలర్ బాతుల గుంపును ఫొటోలు తీశాను. అన్నీ గోధుమరంగే! ఈకలు మార్చుకునే కాలంలో మగవి కూడా ఆడవాటిలాగే కనిపిస్తాయి కాబట్టి ఒంటి రంగును నమ్మలేను. ఒకదాని కన్ను పసుపు, రెక్క విప్పితే పైభాగంలో లేత నీలం కనిపించింది. అది మగదేనని నా నమ్మకం. పక్కదాని కన్ను ముదురు గోధుమ, రెక్క బూడిదరంగు. ఇది ఆడదా, ఈ ఏడు పుట్టిన మగదా? కుర్ర మగవాటికి కన్ను ఎప్పుడు పసుపెక్కుతుంది? స్పాట్‌బిల్ బాతులతోనూ ఇదే చిక్కు. ముక్కు మొదట్లో ఎర్రచుక్క సరిగ్గా కనిపించకపోతే ఆడదనుకోవాలా, పిల్ల అనుకోవాలా? మీరైతే ముందు ఏం చూస్తారు?