‘సంతోష్ సుబ్రమణ్యం’: తప్పు చెయ్యి వదలని తండ్రిదా, నోరు విప్పని కొడుకుదా?

పెరంబూరు రైలు:

పోయిన ఆదివారం మధ్యాహ్నం టీవీలో ‘సంతోష్ సుబ్రమణ్యం’ మళ్ళీ వేశారు. మా నాన్నగారూ నేనూ ఒకే సోఫాలో కూర్చుని, ఒకరితో ఒకరం ఒక్క మాట కూడా మాట్లాడుకోకుండా చూశాం. చివర్లో కొడుకు తండ్రి ఎదుట మొదటిసారి గొంతు విప్పుతుండగా, మా నాన్నగారు ‘వీడు మరీ ఎక్కువ మాట్లాడుతున్నాడు’ అని వార్తలు పెట్టేశారు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. 2006లో భాస్కర్ తీసిన ‘బొమ్మరిల్లు’నే 2008లో ఎం. రాజా తమిళంలో తీశారు. కొడుకు సంతోష్‌గా జయం రవి నటించారు. హాసినిగా జెనీలియా, తండ్రిగా ప్రకాశ్ రాజ్ రెండు భాషల్లోనూ వారే. తండ్రి కొడుక్కి అడిగినదానికంటే ఎక్కువే ఇస్తాడు. వేసుకునే చొక్కా, దువ్వుకునే జుట్టు దగ్గర నుంచి అన్నీ ఆయన ఎంపికే. ఉద్యోగం, పెళ్ళి మాత్రం తన ఇష్టప్రకారమే జరగాలని కొడుకు మనసులో గట్టిగా అనుకుంటాడు. ఈలోగా అతని ఇష్టంతో పనిలేకుండానే నిశ్చితార్థం జరిగిపోతుంది. హాసినిని ప్రేమిస్తున్నానని చెప్పి, ఆమెను ఒక్క వారం మన ఇంట్లో ఉండనివ్వమని తండ్రిని ఒప్పిస్తాడు. ఆ వారం చేదుగా ముగిశాక, అన్నేళ్ళుగా మింగినదంతా ఒక్కసారిగా కక్కేస్తాడు.

నా మటుకు తప్పు తండ్రిదే. తెలుగువాళ్ళం ఆ సినిమాకు ఇంటి పేరు పెట్టుకున్నాం, తమిళులు తండ్రి పేరు పెట్టుకున్నారు. అక్కడ మనలాగా ఇంటిపేరు ఉండదు, తండ్రి పేరే కొడుకు పేరుకు తోకగా తగులుకుంటుంది. సంతోష్ ఎక్కడికి వెళ్ళినా సుబ్రమణ్యం వెంటే ఉంటాడని పేరులోనే చెప్పేశారు.

విశ్రాంత గుమాస్తా:

అయ్యా, మీ అభిప్రాయం చదివాను. అయితే ఒక ప్రాథమికమైన సంగతిని మీరు దాటవేశారు. ఆ కుర్రవాడు సినిమా మొదట్లోనే నడివీధిలో తాగి, లోకంలోని తండ్రులందరినీ తిడతాడు. అదే కుర్రవాడు ఇంట్లో తండ్రి ఎదుట తల వంచుకుని ‘సరే నాన్నా’ అంటాడు. వీధిలో లేచిన నోరు ఇంట్లో ఎందుకు లేవలేదు? తండ్రి తెచ్చిన చొక్కా నచ్చకపోతే ‘ఇది నాకు వద్దు’ అనడానికి ఇరవై నాలుగేళ్ళు పట్టినవాడు, రేపు సంసారం ఎలా చేస్తాడు? దీపావళికి ఒక్క చొక్కా దొరికితే చాలనుకున్న తరం మాది. పది చొక్కాలు కొనిపెట్టడం నేరమని ఈ సినిమా చూశాకే తెలిసింది.

రెండో ఆట:

దేవిశ్రీ ప్రసాద్ పాటలు రెండు భాషల్లోనూ బాగున్నాయి. తెలుగులో కొడుకు వేషం వేసిన సిద్ధార్థే తమిళంలో ‘అడడా అడడా’ పాడారు. తప్పు ఎవరిదైనా నాకు అభ్యంతరం లేదు.

పెరంబూరు రైలు:

గుమాస్తా గారూ, ఆ మౌనం కొడుకుకు పుట్టుకతో వచ్చింది కాదు, పెంపకంలో వచ్చింది. సినిమా మొదటి దృశ్యమే చూడండి. సముద్రపు ఒడ్డున అడుగులు నేర్చుకుంటున్న పసివాడి చెయ్యి తండ్రి పట్టుకుంటాడు. ఇరవై నాలుగేళ్ళు వచ్చినా ఆ చెయ్యి పట్టుకునే ఉండాలా అని అడిగాకే కథ మొదలవుతుంది.

నా సంగతి చెబుతాను. ఇంజనీరింగ్ కౌన్సెలింగుకు నాన్నగారితో వెళ్ళాను. కంప్యూటరు తెర మీద కాలేజీల వరుస కనబడుతోంది. ఒక్కో సీటు నిండిపోయి మాయమవుతోంది. నా వేలు ఒక వరుస మీద ఆగింది. నాన్నగారు ఏమీ అనలేదు, కసరలేదు, వివరించలేదు. నా మణికట్టు పట్టుకుని, వేలిని మెల్లగా రెండు వరుసలు కిందికి జరిపి, అక్కడ నొక్కించారు. ఆయన చెయ్యి వెచ్చగా ఉందని ఇప్పటికీ గుర్తుంది. బయటికి వచ్చాక నిమ్మకాయ సోడా కూడా ఇప్పించారు. ‘వద్దు’ అనే మాటకు ఆ సన్నివేశంలో చోటెక్కడుందో మీరే చెప్పండి.

విశ్రాంత గుమాస్తా:

మీరు చదువు గురించి చెప్పారు, నేను చొక్కా గురించి అడిగాను. చదువు విషయంలో తండ్రి జోక్యం చేసుకోవడం వేరు. దానికి డబ్బు కట్టేది ఆయన, పొరపాటు జరిగితే భరించేదీ ఆయనే. చొక్కాకు ఆ బరువేమీ లేదు. అంత చిన్న విషయంలో కూడా నోరు విప్పనివాడు పెద్ద విషయంలో విప్పలేకపోయానని ఏడవడం న్యాయమా అన్నది నా ప్రశ్న. దయచేసి చొక్కాకు సమాధానం చెప్పండి.

కోడంబాక్కం పాతకాపు:

మీ ఇద్దరికీ తెలియవలసిన విషయం ఒకటుంది. ఈ సినిమా తీసిన ఎం. రాజా, నటించిన రవి సొంత అన్నదమ్ములు. వాళ్ళ నాన్నగారు ఎడిటర్ మోహన్. చిరంజీవి గారి ‘హిట్లర్’ నిర్మాత అంటే మనవాళ్ళకు వెంటనే గుర్తొస్తారు. పెద్దకొడుకు దర్శకుడిగా తొలి సినిమా, 2001 నాటి ‘హనుమాన్ జంక్షన్’, తండ్రి నిర్మాణంలో తెలుగులోనే తీశాడు. తేజ గారి ‘జయం’ను 2003లో తమిళంలో తీసి చిన్నకొడుకును కథానాయకుణ్ణి చేసింది కూడా ఆ తండ్రే, జయం రవి అన్న పేరు ఆ సినిమాతోనే వచ్చింది. అంటే కొడుకు చెయ్యి వదలమని తండ్రికి బుద్ధి చెప్పిన సినిమాను, తండ్రి చెయ్యి పట్టుకుని పైకి వచ్చిన ఇద్దరు కొడుకులు తీశారు. ఇందులో వెక్కిరింపు ఏమీ లేదు, నాకు ముచ్చటగా ఉంటుంది.

విశ్రాంత గుమాస్తా:

ధన్యవాదాలు. నేను చెప్పదలచినది మీరు సోదాహరణంగా చెప్పారు.

పెరంబూరు రైలు:

ఆ ఉదాహరణ నా పక్షానికే ఎక్కువ ఉపయోగపడుతుంది. చెయ్యి వదలమని చెప్పే సినిమా తన మాతృక చెయ్యి ఒక్క క్షణమైనా వదల్లేదు. అదే వరుస, అదే హాసిని, చివరికి అదే తండ్రి. అదే దర్శకుడు 2015లో సొంత కథతో ‘తని ఒరువన్’ తీశాడు. ఆయనలో అంత సత్తువ ఉందని లోకానికి తెలిసింది అప్పుడే.

కోడంబాక్కం పాతకాపు:

నిజమే. అయితే ఒకప్పుడు ఎం. రాజా అని వేసుకున్న ఆయన ఇప్పుడు మోహన్ రాజా. తమ్ముడు కూడా 2025 మొదట్లో ‘జయం’ వదిలేసి, ఇకపై రవి మోహన్ అని పిలవమన్నాడు. ఎటు తిరిగినా పేరులో మోహన్ గారే ఉన్నారు.

చిన్నకోడలు:

ఇంతసేపూ ఇద్దరు మగవాళ్ళు చొక్కా మీద, ఒక సీటు మీద కొట్టుకుంటున్నారు గాని, ఆ ఇంట్లో వారం రోజులు పరీక్షకు నిలబడిన పిల్ల గురించి ఎవరికీ పట్టలేదు. అబ్బాయికి తండ్రి ముందు నిలబడి మాట్లాడే ధైర్యం లేకపోయింది. అందుకని అమ్మాయిని తెచ్చి తండ్రి ముందు నిలబెట్టాడు. ఆ పిల్ల కాలేజీ టూరుకని తన తండ్రితో అబద్ధం చెప్పి వచ్చింది. గట్టిగా నవ్వినా తప్పే, మాట్లాడినా తప్పే. తప్పులు పట్టిన వాళ్ళలో, ఆమె గలగలలు చూసి ప్రేమించిన అబ్బాయి కూడా ఉన్నాడు. ‘నువ్వు మారిపోయావు’ అని ఆమె వెళ్ళిపోతుంది చూడండి, ఆ సినిమాలో భయం లేకుండా మాట్లాడింది ఆమె ఒక్కతే.

పెళ్ళయిన కొత్తలో మా అత్తవారింట్లో నాకూ అటువంటి వారమే గడిచింది. మా మామగారు ఎప్పుడూ కసిరేవారు కాదు. నేను వడ్డించినప్పుడు కంచం వైపు ఒక్కసారి చూసి, తర్వాత మా ఆయన వైపు చూసేవారు. ఆ చూపు పడగానే మా ఆయన లేచి వచ్చి నా చేతిలోని గరిటె తీసుకుని, ‘ఇలా కాదు’ అని నాకు చూపించేవారు. తండ్రి చెయ్యి కొడుకు చేతిలోంచి నా చేతి దాకా వచ్చింది. అబ్బాయిలకు ఆ బరువు తమ మణికట్టు మీద మాత్రమే తెలుస్తుంది.

ముగింపు కూడా గమనించండి. హాసిని తండ్రి చివర్లో ఏమంటాడు? అబ్బాయిని వచ్చి తన ఇంట్లో వారం ఉండమంటాడు. ఒక తండ్రి చేతిలోంచి బయటపడ్డ కొడుకు ఇంకో తండ్రి దగ్గర పరీక్షకు వెళ్ళాడు, అంతే.

నిద్రపోని గుడ్లగూబ:

అదే 2008 చివర్లో వచ్చిన ‘వారణం ఆయిరం’ చూడండి, మన దగ్గర ‘సూర్య సన్నాఫ్ కృష్ణన్’. తండ్రి అంటే అలా ఉండాలి.

విశ్రాంత గుమాస్తా:

అమ్మా, మీ అనుభవం పట్ల నాకు గౌరవం ఉంది, అయితే అది కోడళ్ళ విషయం. మనం మాట్లాడుకుంటున్నది తండ్రీకొడుకుల విషయం. పెరంబూరు వారికి మళ్ళీ మనవి చేస్తున్నాను, చొక్కా విషయం తేల్చండి. మీ నాన్నగారు మీ వేలిని రెండు వరుసలు కిందికి జరపబట్టే ఈనాడు మీరు సోఫాలో కూర్చుని తండ్రుల తప్పులు లెక్కపెట్టగలుగుతున్నారని కూడా ఒకసారి ఆలోచించండి.

పెరంబూరు రైలు:

ఆ మాట అనడానికి మీకు ఏ హక్కు ఉంది? నేను తిన్న అన్నం లెక్క మీకెందుకు? రెండు రోజులుగా చొక్కా, చొక్కా అంటున్నారు. మీరు ఇక్కడికి వచ్చింది సినిమా గురించి మాట్లాడడానికి కాదని నాకు ఇప్పుడు అర్థమవుతోంది. ఇంట్లో వినేవాళ్ళు లేక మా మీద పడ్డారు. మీ అబ్బాయి ఎక్కడున్నాడో నాకు తెలియదు గాని, మీకు దూరంగా ఉండి ఉంటాడని మాత్రం పందెం కాయగలను.

నిర్వాహకుడు:

వ్యక్తిగత ప్రస్తావనలు ఆపండి. మరొక్క మాట దాటినా చర్చ మూసివేస్తాను.

విశ్రాంత గుమాస్తా:

మూయవద్దు. ఆయన పందెం గెలిచారు.

మా వాడు అప్పట్లో చెన్నైలో చదివేవాడు. ఆ సినిమా అక్కడ చూసి, 2008 వేసవి సెలవులకు నెల్లూరు వచ్చాడు. ఒక రాత్రి కరెంటు పోతే వరండాలో కూర్చున్నాం, నా చేతిలో విసనకర్ర ఉంది. పక్కింటాయన కూడా మాతోనే ఉన్నారు. ఉన్నట్టుండి మా వాడు మాట్లాడడం మొదలుపెట్టాడు. పావుగంట మాట్లాడి ఉంటాడు. చీకట్లో వాడి ముఖం కనబడలేదు. గొంతు మాత్రం వణుకుతోంది. ముగించాక నేనేమన్నానో తెలుసా? ‘ఏ సినిమా చూసి వచ్చావురా?’ అన్నాను. పక్కింటాయన నవ్వారు, నేనూ నవ్వాను. కాసేపటికి వాడు కూడా నవ్వి, లేచి లోపలికి వెళ్ళాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు నేనే టీవీలో ఆ సినిమా చూశాను. ప్రకాశ్ రాజ్‌కు కొడుకు చెప్పింది మొదటిసారే అర్థమైపోతుంది. ఆయన ముఖం దించుకుంటాడు, కొడుకు కరిగిపోతాడు. అంతా పది నిమిషాల్లో అయిపోతుంది. నాకు అర్థం కావడానికి ఏడాది పైన పట్టింది, అప్పటికి చెప్పేవాడు ఇంట్లో లేడు. ఇప్పుడు ఆదివారాలు ఫోన్ చేస్తాడు, ‘మందులు వేసుకుంటున్నారా’ అని అడిగి వాళ్ళమ్మకు ఇమ్మంటాడు. వాడిని తప్పు పట్టడం లేదు. రెండోసారి ఎందుకు చెప్పలేదన్నదే నా బాధ. నోరు విప్పని కొడుకు అని నేను ఇన్నిసార్లు రాసింది సంతోష్ గురించి కాదు.

పెరంబూరు రైలు:

గుమాస్తా గారూ, ఆ మాట అన్నందుకు క్షమించండి. అయినా ఇక్కడ మీతో ఏకీభవించలేను. మొదటిసారి చెప్పడానికే ఆ అబ్బాయికి ఇరవై ఏళ్ళ బలం ఖర్చయి ఉంటుంది. రెండోసారి అడగవలసింది చెప్పినవాడు కాదు, నవ్వినవాడు. నేను ఒక్కసారి కూడా చెప్పలేదు. మా నాన్నగారు వార్తలు పెట్టినప్పుడు రిమోట్ నా పక్కనే ఉంది, మళ్ళీ మార్చి ఉండవచ్చు. ఆ రాత్రి మీ అబ్బాయి ఏమడిగాడు?

చిన్నకోడలు:

మావయ్య గారూ, అది కోడళ్ళ విషయమని మీరన్నందుకు కోపం ఇంకా తగ్గలేదు. అయినా ఒకటి చెబుతాను. తల ఒకసారి తగిలితే కొమ్ములొస్తాయని, రెండోసారి కూడా తగిలించి తీరాలని హాసిని పట్టుబడుతుంది కదా! ఆ రెండోసారి ఎవరు వంగాలో ఆమె చెప్పలేదు.

విశ్రాంత గుమాస్తా:

ఏదో చదువు మానేస్తానన్నట్టు, ఎవరితోనో కలిసి ఒక పని మొదలుపెడతానన్నట్టు గుర్తు. సగమే విన్నాను, మిగతా సగంలో విసనకర్ర చప్పుడు గుర్తుంది. రేపు ఆదివారం. ఫోన్ వాళ్ళమ్మకు ఇచ్చే ముందు ఆ మిగతా సగం అడిగి చూస్తాను.

చొక్కాల విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు. అది అక్కడికక్కడే చెప్పవలసిన మాట.