టీకాల ట్రైనింగ్ ప్రైవేటు నర్సులకు ఎక్కడ ఇస్తారు?

నమస్కారం. నేను కావలిలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సుని. ఈమధ్య మా దగ్గర పిల్లల టీకాలు కూడా మొదలుపెట్టారు. ట్రైనింగ్ ఏది సార్ అంటే, "పెద్ద సిస్టర్ వేస్తుంటే చూసి నేర్చుకోండి" అన్నారు. సూది వేయడం మాకు వచ్చు, టెన్షన్ దాని గురించి కాదు.

టీకాలన్నీ మామూలు ఇంటి ఫ్రిజ్‌లో, కొన్ని డోరు అరల్లో కూడా పెడుతున్నారు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలని చదువుకున్నాం, కానీ లోపల థర్మామీటరే లేదు. ఎండాకాలం కరెంటు పోతే ఏంటి పరిస్థితి? హెపటైటిస్ బి, పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి ఇచ్చే టీకా) లాంటివి గడ్డకడితే ఇక పనికిరావు. ఫ్రీజర్‌కి ఆనుకుని ఉన్న వాటిని చూస్తే భయమేస్తుంది. ఎమ్మార్ (తట్టు, రుబెల్లా టీకా), బీసీజీ (టీబీ టీకా) పొడిని దేని ద్రావణంలో దాన్ని కలిపాక 4 గంటలు దాటితే పారేయాలి కదా, కలిపిన టైము వయల్ (టీకా సీసా) మీద రాద్దామంటే "అంత అవసరమా" అంటున్నారు. టీకా తర్వాత అరగంట కూర్చోమంటే తల్లులు బస్సు పోతుందంటారు (పల్లెల నుంచి వచ్చేవాళ్లకు అదీ నిజమే).

పీహెచ్‌సీల్లో ఏఎన్ఎమ్‌లకు ఇచ్చే శిక్షణలో మాలాంటి ప్రైవేటు వాళ్లను కూర్చోనిస్తారా? నెల్లూరులో జిల్లా ఇమ్యునైజేషన్ అధికారి ఆఫీసుకు మేమే వెళ్లి అడగొచ్చా, లేక ఆసుపత్రి లెటర్ కావాలా? ఒంగోలు వైపు ఎవరైనా తీసుకునుంటే ఎలా కుదిరిందో చెప్పండి. బిడ్డకు అనాఫిలాక్సిస్ (ప్రాణం మీదకు తెచ్చే తీవ్రమైన అలర్జీ) వస్తే అడ్రినలిన్ ఇంజెక్షన్ ఎంత, ఎలా ఇవ్వాలో దగ్గరుండి చేయించి నేర్పేవాళ్లు కావాలి. మేనేజ్‌మెంట్‌తో గొడవ పడకుండా ఇవన్నీ అడిగే దారి ఉంటే అదీ చెప్పండి.