మండేలా వాక్యంలో ‘ఐనా’ ఉండాలా?

అడిగినవారు:
1964 ఏప్రిల్ 20న ప్రిటోరియా న్యాయస్థానంలో, ముద్దాయిల బోనులో నిలబడి నెల్సన్ మండేలా చేసిన ప్రసంగపు చివరి వాక్యం రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. ప్రజాస్వామ్య, స్వేచ్ఛా సమాజమనే ఆదర్శం గురించి ‘ఆ ఆదర్శం కోసం బతకాలని, దాన్ని సాధించాలని ఆశిస్తున్నాను, కాని అవసరమైతే ఆ ఆదర్శం కోసం ప్రాణమివ్వడానికి సిద్ధంగా ఉన్నాను’ అన్నారని నాకు జ్ఞాపకం. మా బాబాయిగారు మాత్రం ‘ప్రాణమివ్వడానికైనా’ అనే చదివానంటున్నారు. ఆ ‘ఐనా’ ఉండవచ్చునా?

అనువాదకురాలు:
ఉండకూడదండీ. ‘ఐనా’ చేరితే బతకడం కింది మెట్టూ చావడం పై మెట్టూ అవుతాయి. ఆయన ఆ రెంటినీ సమానంగా తూచారు. ‘ఆదర్శం’ అన్న మాటను రెండు వైపులా మళ్లీ మళ్లీ పలికింది అందుకే. అంతకు కొంచెం ముందరి వాక్యం చూడండి: శ్వేతజాతి ఆధిపత్యంపై పోరాడాను, నల్లజాతి ఆధిపత్యంపై పోరాడాను. మనమైతే ‘రెంటిపైనా పోరాడాను’ అని కుదించేస్తాం. ఆయన క్రియను కూడా వదలకుండా వాక్యం మొత్తాన్ని తిరిగి పలికారు. నల్లవాళ్లు కోరేది నల్లజాతి ఆధిపత్యమేనని వర్ణవివక్ష ప్రభుత్వం వేసిన నిందకు ఆ పునరుక్తే సమాధానం.

న్యాయవాది:
‘ఐనా’ కంటే ‘అవసరమైతే’ నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతోంది. ఆ మాటను చేర్చమని సూచించినవారు ఆయన న్యాయవాదుల్లో ఒకరైన జార్జ్ బిజోస్. అది లేకపోతే, ఉరిశిక్ష వేయగల న్యాయమూర్తి ఎదుట ముద్దాయి తానే చావును కోరుకుంటున్నట్టు ధ్వనిస్తుందని ఆయన భయం. ‘అవసరమైతే ఫోన్ చెయ్యండి’ అని రోజూ అనే మాట ఆ బరువును మోయలేదు. నేనైతే ‘తప్పదంటే’ అని రాస్తాను. అందులో ‘అను’ ధాతువు ఉంది కనుక, తప్పదని అనేవాడొకడు ఎదురుగా కూర్చుని ఉన్నాడన్న స్ఫురణ కలుగుతుంది.

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయులు:
అయ్యా, ‘తప్పదంటే’లోని ‘అను’ ఏనాడో అర్థం అరిగి ఒట్టి చేదర్థకంగా, అంటే షరతును తెలిపే రూపంగా, మిగిలింది. దానిలో న్యాయమూర్తిని కూర్చోబెట్టడం సాహసమే. నిండు సభలో ధర్మం మాట్లాడేవాడు షరతును ఎలా పెడతాడో తిక్కనగారి దగ్గర చూడాలి. కృష్ణ రాయబారంలో ‘దక్షులెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు’ (అడ్డుకోగలిగీ ఊరుకున్నవారికే అది చేటు) అన్నప్పుడు, షరతు భారమంతా వింటున్నవారి మీద పడుతుంది. మండేలా ఆ భారాన్ని తన మీదకే తీసుకున్నారు. ఆ పద్యం తరగతిలో చదివిన ప్రతిసారీ ‘ఉపేక్ష’ దగ్గర నా గొంతు ఆగిపోయేది.

న్యాయవాది:
మేష్టారూ, న్యాయమూర్తిని కూర్చోబెట్టింది నేను కాదు. దాదాపు మూడు గంటలు చదివిన కాగితాలను చివర్లో బల్లమీద పెట్టేసి, న్యాయమూర్తి డి వెట్ ముఖం మీదినుంచి చూపు తిప్పకుండా ఆ మాటలు చెప్పానని మండేలాయే రాసుకున్నారు. ధ్వనిముద్రణలో ‘కాని’కీ ‘అవసరమైతే’కీ నడుమ ‘మై లార్డ్’ అన్న పిలుపు స్పష్టంగా వినిపిస్తుంది. అచ్చులో చాలాచోట్ల అది లేదు. అచ్చులో ‘సాధించాలని’ ఉన్నచోట ఆయన పలికింది ‘నెరవేరగా చూడాలని’.

అనువాదకురాలు:
‘నెరవేరగా చూడాలని’ అన్నారంటే నా వాదానికే బలం: చూడాలంటే బతికి ఉండాలి కదా! కాని 1990 ఫిబ్రవరి 11న, జైలు నుంచి విడుదలైన రోజునే, కేప్‌టౌన్‌లో జనం ఎదుట ఆ మాటలనే తిరిగి చెప్పారు. అక్కడ న్యాయమూర్తి లేడు. మీ ‘తప్పదంటే’ ఎవరిని చూస్తుంది?

న్యాయవాది:
అందుకే 1964కి ‘తప్పదంటే’, 1990కి ‘అవసరమైతే’ అని రాయాలంటాను.

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయులు:
ఆయన ఇరవై ఆరేళ్ల తరువాత కూడా మార్చని మాటను మనం మారుద్దామా? ఒప్పుకోను.

అడిగినవారు:
బాబాయిగారికి ఇదంతా చదివి వినిపించాను. ‘మై లార్డ్’ దగ్గర ఆపి, మళ్లీ చదవమన్నారు. ‘ఐనా’ను మాత్రం వదలనంటున్నారు.